ఎర్ర టీ ఎక్కడ పెట్టారో చూడండి

బెంగళూరులో ఇంటి స్థలం అంటే "30×40 సైటు", అంటే అడుగుల లెక్క. మన ఊళ్ళలో గజాల లెక్క. గోల్ఫ్‌లోనూ గజాలే, కాకపోతే అక్కడ కొలిచేది పొడవు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పది గజాలు తేడా వస్తే ఊరుకోని మనవాళ్ళు, గ్రీన్ ఫీజు (ఆట రుసుము) కట్టి గోల్ఫ్ కోర్సులోకి అడుగు పెట్టేటప్పుడు మాత్రం ఆ లెక్క అడగరు. ఆడవాళ్ళకు ఏ కోర్సు బాగుంటుందని మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఎవరినడిగినా వచ్చే జవాబులు ఒకటే తీరు. క్లబ్ హౌస్ బాగుంటుంది, చుట్టూ పచ్చదనం, స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు, బ్రేక్‌ఫాస్ట్‌లో దోసె బాగుంటుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ ఆడే నాలుగున్నర గంటలూ ఆ మనిషికి ఎలా గడుస్తాయో వీటివల్ల తెలియదు.

అది తెలిసేది స్కోర్‌కార్డులో. టీ అంటే ప్రతి హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు. హోల్ అంటే ఆ చోటు నుంచి జెండా ఉన్న గుంట దాకా; పూర్తి రౌండ్‌లో ఇవి పద్దెనిమిది. తెల్ల గుర్తులున్న టీ వెనక, ఎర్ర గుర్తులున్నది ముందు ఉంటాయి; ఎర్రదాన్ని ఆడవాళ్ళ టీ అనడం అలవాటు. ఒక కోర్సు ఆడవాళ్ళను లెక్కలోకి తీసుకుందా లేదా అన్నది ఆ కార్డు మీద ఎర్ర టీ గడిలో, కింద ‘మొత్తం’ అన్నచోట ఉన్న ఒక్క అంకె చెప్పేస్తుంది. రిసెప్షన్‌లో పూలగుత్తి ఇచ్చినా, మహిళా దినోత్సవం రోజు గులాబీ రంగు జెండాలు పాతినా ఆ అంకె మారదు.

లెక్క ఇలా చూడండి. వారాంతంలో ఆడే మగవాళ్ళలో ఒకాయన డ్రైవర్‌తో, అంటే టీ నుంచి దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో (గోల్ఫ్ కర్రతో), 220 గజాలు కొడతాడనుకుందాం. ఆ దెబ్బనే డ్రైవ్ అంటారు. తెల్ల టీ నుంచి కోర్సు పొడవు 6,300 గజాలు. 6,300ని 220తో భాగిస్తే 28.6 వస్తుంది. అంటే ఆయన బలానికి ఆ కోర్సు దాదాపు 29 డ్రైవ్‌ల పొడవు. అదే గుంపులో ఒకావిడ 150 గజాలు కొడుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళలో, యాభై దాటినవాళ్ళలో ఇది మామూలు దూరమే. ఎర్ర టీ నుంచి కోర్సు 5,400 గజాలు ఉందంటే ఆమెకు అది 36 డ్రైవ్‌ల పొడవు. "మీకు ముందు టీ ఇచ్చాం కదా మేడమ్" అంటూనే ఆమె చేత ఆయనకంటే పావువంతు పెద్ద కోర్సు ఆడిస్తున్నారన్నమాట. ఇద్దరికీ ఒకే భారం పడాలంటే ఆమె ఆడాల్సింది 4,300 గజాల దగ్గర.

ఇది మేం కనిపెట్టిన లెక్కేమీ కాదు. 2011లో అమెరికాలోని గోల్ఫ్ సంఘాలు పీజీఏ, యూఎస్‌జీఏ కలిసి ‘టీ ఇట్ ఫార్వర్డ్’ అని ఒక సూచన పట్టిక తెచ్చాయి. అందులో డ్రైవ్ 225 గజాలైతే కోర్సు 5,800 నుంచి 6,000 వరకు, 200 అయితే 5,200 నుంచి 5,400, 175 అయితే 4,400 నుంచి 4,600, 150 అయితే 3,500 నుంచి 3,700 గజాలు ఉండాలన్నారు. ఆ పట్టిక ప్రకారం చూస్తే పైన ఇచ్చిన 4,300 కూడా ఎక్కువే. 5,400 గజాల ఎర్ర టీ సరిపోయేది 200 గజాలు కొట్టేవాళ్ళకు. మన అపార్ట్‌మెంట్ గుంపుల్లో అంత కొట్టే ఆడవాళ్ళు ఎందరున్నారో మీరే లెక్కపెట్టుకోండి.

ఈ తేడా ఆటను ఎలా చెడగొడుతుందో ఒక్క హోల్‌లో చూద్దాం. పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్, పొడవు 350 గజాలు. ఆవిడ డ్రైవ్ బాగా తగిలి 150 వెళ్ళింది. మిగిలింది 200. ఫెయిర్‌వే (టీకీ జెండాకీ మధ్య కోసిన గడ్డి దారి) మీద వాడే వుడ్ అనే పొడవాటి క్లబ్ తీసి మళ్ళీ బాగా కొడితే 130. మిగిలింది 70. అక్కడి నుంచి ఒక పిచ్ (ఎత్తుగా వేసే పొట్టి షాట్), గ్రీన్ (గుంట చుట్టూ ఉన్న నున్నటి గడ్డి) మీద రెండు పట్‌లు (బంతిని దొర్లించే దెబ్బలు). ఒక్క తప్పూ చేయకుండా ఆడితే 5. ఒక్కటి నేలను తగిలితే 6, ఇంకోటి బంకర్‌లో (ఇసుక గుంటలో) పడితే 7. పొట్టి పార్ 3 హోల్స్ పోగా మిగిలిన పద్నాలుగు హోల్స్‌లో పొద్దుటి నుంచి ఇదే వరస: డ్రైవర్, వుడ్, పిచ్. 7 ఐరన్ (గురి చూసి కొట్టే ఇనుప క్లబ్) తీసి, గ్రీన్ వైపు చూసి, జెండా పక్కన బంతి వాలేలా కొట్టడం గోల్ఫ్‌లో అన్నిటికంటే తియ్యటి షాట్. ఆ షాట్ ఆమెకు రోజంతా దక్కదు. బ్యాగులో ఐరన్లు ఊరికే మోయడానికే. అదే హోల్ ఎర్ర టీని 260 దగ్గర పెట్టి చూడండి. 150 పోగా మిగిలింది 110. ఇప్పుడు ఆమె చేతిలోకి ఐరన్ వస్తుంది. పార్ అన్నది ఆమెకూ అందే మాట అవుతుంది.

"ఆడవాళ్ళు నెమ్మదిగా ఆడతారు, వెనక గుంపు ఆగిపోతుంది" అనే ఫిర్యాదు ప్రతి క్లబ్బులోనూ వినిపిస్తుంది. శనివారం, ఆదివారం పొద్దున టీ టైములు (ఆట మొదలుపెట్టే వేళలు) ఇవ్వకపోవడానికి చెప్పే కారణం కూడా అదే. ఆ మాటను మేం ఒప్పుకోం. నెమ్మది మనిషిలో లేదు, పొడవులో ఉంది. షాట్‌కు 40 సెకన్లు మించొద్దని గోల్ఫ్ రూల్స్ చెబుతాయి. దానికి క్లబ్ మార్చుకుని బంతి దాకా నడవడం కలిపితే, అదనపు షాట్ ఒక్కోటీ ఒక నిమిషం. పద్నాలుగు హోల్స్‌లో హోల్‌కు ఒక షాట్ చొప్పున కోర్సే అదనంగా కొట్టిస్తే, ఒక్క మనిషికి పద్నాలుగు నిమిషాలు. గుంపులో ఇద్దరు ఆడవాళ్ళుంటే అరగంట. ఆ అరగంట ఆలస్యానికి టీలు పాతినవాళ్ళు కారణం. మాట పడేది మాత్రం ఆడినవాళ్ళు.

పొడవు తర్వాత చూడాల్సింది క్యారీ, అంటే బంతి నేల తగలకుండా గాల్లో వెళ్ళే దూరం. 150 గజాల డ్రైవ్ అంటే గాల్లో వెళ్ళేది దాదాపు 120, మిగతా 30 నేల మీద దొర్లేది. టీకి ఎదురుగా చెరువో, వాగో, దట్టమైన గడ్డో ఉండి, దాన్ని దాటడానికి 110 గజాలు గాల్లోనే పోవాలంటే, 120 కొట్టే మనిషికి చేతిలో మిగిలేది పది గజాలే. గుండె దడదడలాడుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, బంతి నీళ్ళలో పడుతుంది. కాబట్టి "ఎర్ర టీ నుంచి నీళ్ళ మీదుగా కొట్టాల్సిన హోల్స్ ఎన్ని, ఎంత దూరం?" అని ముందే అడగాలి. రెండు మూడుంటే సరదాగానే ఉంటుంది. ఆరేడు ఉండి, పక్కనుంచి తిరిగి వెళ్ళే దారి లేకపోతే ఆ కోర్సు కొన్నాళ్ళ తర్వాత చూసుకోవచ్చు. బెంగళూరులో వానల సంగతి కూడా కలుపుకోవాలి. మే నుంచి అక్టోబరు దాకా ఫెయిర్‌వేలు నానిపోయి ఉంటాయి. దొర్లాల్సిన 30 గజాలు ఐదుకు పడిపోతాయి. 220 కొట్టేవాడికి ఆ నష్టం పెద్దగా తెలియదు. 150 కొట్టే ఆవిడకు ఆరో వంతు పోయినట్టే. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది గనక బంతి గాల్లో కాస్త ఎక్కువే వెళుతుందిగానీ, నానిన నేల దగ్గర తగ్గేదానికి అది చాలదు. ఫిబ్రవరిలో ఒకసారి ఆడి బాగుందని ఏడాది సభ్యత్వం కట్టేయకండి. ఆగస్టులో కూడా ఒకసారి ఆడి చూడండి.

ఇక కార్డు పక్కన పెట్టి, ఎర్ర టీ దగ్గరికి నడిచి వెళ్ళండి. ఒక్క టీ బాక్స్ మీద రెండు నిమిషాలు నిలబడితే చాలు. వెనక టీలు ఇటుక పేర్చినట్టు చదునుగా, గడ్డి నున్నగా కోసి, పక్కన బెంచీ, నీళ్ళ కూలర్, చెట్టునీడతో ఉంటాయి. ఎర్ర టీ చాలాచోట్ల విడిగా కట్టింది కాదు, ఫెయిర్‌వే మొదట్లో వాలు మీద రెండు ప్లాస్టిక్ గుర్తులు గుచ్చి వదిలేసిందే. రూల్స్ ప్రకారం టీయింగ్ ఏరియా అంటే ఆ రెండు గుర్తుల మధ్య, వెనక్కి రెండు క్లబ్ పొడవుల జాగా. అంటే రెండు మీటర్ల పైచిలుకు. ఆ రెండు మీటర్లైనా చదునుగా ఉందా? బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే కుడిచేతి వాటం మనిషికి అది ఎడమకు పోతుంది, పల్లంలో ఉంటే కుడికి. గుర్తులు రెంటినీ కలిపే గీత ఫెయిర్‌వేకి ఎదురుగా ఉందా, బంకర్ వైపు తిరిగి ఉందా? కంటికి తెలియకుండానే భుజాలు ఆ గీతను బట్టి సర్దుకుంటాయి. అక్కడ గడ్డి వారానికి ఎన్నిసార్లు కోస్తారో గ్రౌండ్స్ మనిషినడిగితే చెబుతాడు.

ఇంకో చిన్న విషయం ఉంది. గుంపులో మగవాళ్ళు వెనక టీ నుంచి కొట్టేసి, మాటల్లో పడి, కార్ట్ ఎక్కి ఎర్ర టీ దాటి వెళ్ళిపోతారు. ఆమె ఇంకా కొట్టలేదన్న సంగతి యాభై గజాలు వెళ్ళాక గుర్తొస్తుంది. "అయ్యో సారీ" అని వెనక్కి తిరిగి, చూస్తూ నిలబడతారు. ఆ చూపుల మధ్య తొందరగా కొట్టిన బంతి ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. ఇది కోర్సు తప్పు కాదంటారుగానీ, సగం కోర్సుదే. ఎర్ర టీ దగ్గర కార్ట్ ఆగేందుకు చోటు, బెంచీ, హోల్ వివరాల పలక ఉంటే బండి దానంతటదే ఆగుతుంది.

"లేడీస్ టీ" అన్న పేరే తీసేయాలని మా గట్టి అభిప్రాయం. టీ అనేది దూరానికి సంబంధించింది. పదేళ్ళ పిల్లవాడు, డెబ్భై ఏళ్ళ తాతయ్య, మొన్ననే క్లబ్ పట్టిన కుర్రాడు కూడా ముందు టీ నుంచే ఆడాలి. ఆ పేరు వల్ల వాళ్ళు సిగ్గుపడి వెనక నుంచి ఆడి అవస్థ పడతారు. ఆడవాళ్ళకేమో అది దయతలచి ఇచ్చినట్టు అవుతుంది. రంగు చెబితే చాలు.

పేరుకంటే ముఖ్యమైంది రేటింగ్. హ్యాండిక్యాప్ అంటే ఆడేవాళ్ళ స్థాయిని బట్టి వాళ్ళకిచ్చే అదనపు షాట్ల (స్ట్రోకుల) లెక్క. 2020లో మొదలైన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో ఏ టీ నుంచైనా ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ విడివిడిగా కోర్స్ రేటింగ్, స్లోప్ ఇవ్వొచ్చు. రేటింగ్ అంటే బాగా ఆడేవాళ్ళకు ఆ టీ నుంచి పట్టే షాట్ల అంచనా, స్లోప్ అంటే మామూలువాళ్ళకు అది ఇంకెంత కష్టమో చెప్పే అంకె. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 ప్రామాణికం. హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ను స్లోప్‌తో గుణించి, 113తో భాగించి, రేటింగ్‌లోంచి పార్ తీసేస్తే వచ్చేది కలపాలి. ఇండెక్స్ 30, స్లోప్ 125, ఆడవాళ్ళ రేటింగ్ 71.5, పార్ 72 అనుకోండి. 33.2లోంచి 0.5 పోతే 32.7, అంటే ఆ రోజు ఆమెకు 33 స్ట్రోకులు. ఆడవాళ్ళ రేటింగ్ లేని టీ నుంచి ఆడితే ఈ లెక్కే నడవదు. లెక్క నడవకపోతే ఆ స్కోరు హ్యాండిక్యాప్‌లోకి ఎక్కదు, హ్యాండిక్యాప్ లేకపోతే పోటీలో పేరు ఉండదు, పోటీలో పేరు లేకపోతే కమిటీలో "ఆడవాళ్ళు పెద్దగా ఆడటం లేదు కదా" అంటారు. ఎక్కడ మొదలైందో చూడండి. కార్డు మీద ఒక ఖాళీ గడి దగ్గర. అందుకే ఎర్ర టీకే కాదు, తెల్ల టీకి కూడా ఆడవాళ్ళ రేటింగ్ ఉందా అని అడగండి. గట్టిగా కొట్టే అమ్మాయికి అది కావాలి. ఆడవాళ్ళకు విడిగా పార్, స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టాన్ని బట్టి వరస) గళ్ళు ఉన్నాయో లేదో కూడా కార్డు మీదే కనిపిస్తుంది. మగవాళ్ళకు పార్ 4గా ఉన్న 430 గజాల హోల్ ఆడవాళ్ళకు పార్ 5 కావాలి. యూఎస్‌జీఏ మార్గదర్శకాల్లో ఆడవాళ్ళ పార్ 4 అంటే 420 గజాల లోపే.

దూరం తక్కువైతే ఆట తక్కువేం కాదనడానికి ఈ ఊళ్ళోనే అదితి అశోక్ ఉంది. ఆమె ఐదేళ్ళ వయసులో దొమ్మలూరు దగ్గరి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ (కేజీఏ) కోర్సులో క్లబ్ పట్టింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. వాళ్ళమ్మ మహేశ్వరి అక్కడ ఆమెకు క్యాడీ, అంటే బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే మనిషి. ఆ పోటీలో డ్రైవ్ దూరంలో అదితి చివరి వరసలో ఉంది. నిలబెట్టింది పట్టింగ్. అయితే ఆమెను చూపించి "తను అంత దూరం నుంచి ఆడట్లేదా" అని వారాంతంలో ఆడే ఆడవాళ్ళకు చెప్పడం న్యాయం కాదు. రోజూ గంటల తరబడి సాధన చేసే ప్రొఫెషనల్‌కు, ఆఫీసు, ఇల్లు, పిల్లల మధ్య ఆదివారం ఒక్కపూట దొరికే మనిషికి ఒకే కొలత పెట్టలేం.

బాత్‌రూముల సంగతి మొహమాటం లేకుండా మాట్లాడాలి. పద్దెనిమిది హోల్స్ అంటే నాలుగు నుంచి నాలుగున్నర గంటలు, ఎనిమిది కిలోమీటర్లకు తక్కువ కాని నడక. మగవాళ్ళు చెట్టు చాటుకు పోతారు కాబట్టి చాలా కోర్సుల్లో తొమ్మిదో హోల్ తర్వాత హాఫ్‌వే హట్‌లో ఒక్కటి ఉంటే చాలనుకుంటారు. చాలదు. అయిదో ఆరో హోల్ దగ్గర ఒకటి, పదమూడో పద్నాలుగో దగ్గర ఒకటి ఉండాలి. తలుపుకు గడియ, లోపల నీళ్ళు, మూతున్న చెత్తబుట్ట, బ్యాగు తగిలించే కొక్కెం. ఇవి లేక నీళ్ళు తాగడం మానేసి, ఎండలో తలనొప్పితో ఆట ముగించే ఆడవాళ్ళు ఎందరో. "ఉంది మేడమ్" అని ఫోన్‌లో అంటారు. "తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అని కూడా అడగండి. తాళం వేసి ఉన్న బాత్‌రూమ్ లేనట్టే లెక్క.

క్యాడీల విషయం వేరు. ఇక్కడ కన్నడం, తమిళం, తెలుగు కలిపి మాట్లాడే క్యాడీలు దొరుకుతారు, ఆట బాగా తెలిసినవాళ్ళు. లోపం అలవాటులో ఉంది. "సర్, మేడమ్‌ని 9 ఐరన్ కొట్టమనండి" అని భర్తతో చెబుతారు. 9 ఐరన్ అన్నది కూడా మగవాళ్ళ దూరం లెక్కలోదే. క్లబ్ అందించగానే కొట్టకుండా, మొదటి టీ దగ్గరే తేల్చి చెప్పేయాలి: "అన్నా, నా 7 ఐరన్ 95 గజాలు, హైబ్రిడ్ 115. గజాలు చెప్పు చాలు, క్లబ్ నేను తీసుకుంటా." రెండో హోల్ నుంచి వరస మారిపోతుంది. మంచి కోర్సులో క్యాడీ మాస్టర్ ఆడవాళ్ళతో తరచూ తిరిగే క్యాడీని అడక్కుండానే పంపుతాడు.

అద్దె సెట్లూ అడిగి తెలుసుకోవాలి. చాలాచోట్ల ఉండేవి మగవాళ్ళ సెట్లే. షాఫ్ట్ (క్లబ్ కాడ) బిగువుగా, క్లబ్ ఒక అంగుళం పొడవుగా, గ్రిప్ లావుగా ఉంటాయి. మెల్లగా తిప్పే చేతికి ఆ షాఫ్ట్ వంగదు, ఫేస్ (బంతికి తగిలే వైపు) మూసుకోదు, బంతి కిందుగా కుడికి పోతుంది. కొత్తగా వచ్చినావిడ తనకే చేతకాలేదనుకుని ఇంటికి పోతుంది. ఎల్ ఫ్లెక్స్ (ఆడవాళ్ళ కోసం సులువుగా వంగే) షాఫ్ట్, ఫేస్ వాలు 12 డిగ్రీలు దాటిన డ్రైవర్ ఉందా అని అడిగితే, ప్రో షాపు వాళ్ళకు ఆ ప్రశ్న అర్థం కావడమే మంచి గుర్తు.

ఇక బెంగళూరులో ఎక్కడికి వెళ్ళాలి? హై గ్రౌండ్స్‌లోని బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876లో మొదలైంది. అదీ, దొమ్మలూరు దగ్గరి కేజీఏ కోర్సూ సభ్యుల క్లబ్బులు. బయటివాళ్ళ రాకపోకలకు నియమాలు వేరు, కాబట్టి ముందే కనుక్కోవాలి. బిడది దగ్గరి ఈగల్టన్, నంది కొండల దారిలో ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్, హోసూరు వైపు క్లోవర్ గ్రీన్స్ ఊరి బయట ఉన్నవి. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళకు హోసూరు దారి, యలహంక వాళ్ళకు నంది దారి నయం. బెళ్ళందూరు నుంచి ఆరున్నర టీ టైముకు నందివైపు వెళ్ళాలంటే చీకటితోనే బయల్దేరాలి. అప్పుడు పార్కింగ్‌లో దీపాలున్నాయా, క్యాబ్‌ను గేటు దాటి క్లబ్ హౌస్ మెట్ల దాకా రానిస్తారా అన్నవి కూడా కోర్సు నాణ్యతలో భాగమే. వీటిలో ఏది మంచిదో మేం చెప్పం. టీలు, నియమాలు, కమిటీలు మారుతుంటాయి. ఫోన్ చేసి పై ప్రశ్నలే అడగండి. మీ పేరు మీద, "మా వారు", "సర్" అన్న మాట రాకుండా, శనివారం పొద్దున ఏడింటికి ఇద్దరు ఆడవాళ్ళకు టీ టైము అడగండి. ఆ ఫోన్‌లో వచ్చే మొదటి జవాబు చాలా చెబుతుంది. "మంగళవారం లేడీస్ డే ఉంది మేడమ్, అప్పుడు రండి" అన్నారంటే, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు వాళ్ళ లెక్కలోనే లేరు. లేడీస్ డే వల్ల మేలు లేదనం. కొత్తవాళ్ళకు తోటివాళ్ళు దొరికేది అక్కడే. మిగతా ఆరు రోజులు కూడా తెరిచి ఉంటేనే దానికి అర్థం.

మొదటిసారి పూర్తి రౌండ్ వద్దు. వారం మధ్యలో ఒక సాయంత్రం ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక బకెట్ బంతులు కొట్టి, తొమ్మిది హోల్స్ ఆడి, లాకర్ రూమ్‌లో స్నానం చేసి రండి. ఆడవాళ్ళ లాకర్ రూమ్‌కు బారు లోంచో పేకాట గది లోంచో దారి ఉందంటే, దాన్ని ఎప్పుడు, ఎవరి కోసం కట్టారో తెలిసిపోతుంది. దుస్తుల నియమాల పలక చదవండి. మగవాళ్ళకు "కాలర్ ఉండాలి" అని ఒక్క ముక్క, ఆడవాళ్ళకు అరపేజీ ఉంటే ఆలోచించాలి.

సభ్యత్వం తీసుకునేటప్పుడు ఫారం మొత్తం చదవండి. ఆవిడ పేరు మీదే సభ్యత్వం ఇస్తారా, లేక భర్త కింద డిపెండెంటా? వార్షిక సమావేశంలో ఓటుందా? ఆన్‌లైన్ బుకింగ్ లాగిన్ ఎవరి పేరు మీద? భర్త పోతే, విడిపోతే ఏమవుతుంది? కొడుకుకి, పెళ్ళయిన కూతురికి ఒకే నియమమా? అమెరికాలో అగస్టా నేషనల్ ఆడవాళ్ళకు సభ్యత్వం ఇచ్చింది 2012లో, సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ ఓటు వేసి ఒప్పుకున్నది 2014లో. అంటే పాత నియమాలు ఎవరూ కదిలించకపోతే ఎక్కడైనా శతాబ్దాల తరబడి అలాగే ఉండిపోతాయి.

ఇప్పటికే సభ్యులైనవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ఖర్చు లేనిది. కొత్త టీ బాక్సులు కట్టాలంటే మట్టి, గడ్డి, బడ్జెట్ అంటారు. ఫెయిర్‌వే మీదే చదునుగా ఉన్న చోట్లు చూసి, 4,300 గజాలు వచ్చేలా పద్దెనిమిది జతల గుర్తులు ఆరు నెలలు పెట్టి చూడమని గ్రీన్స్ కమిటీకి రాయండి. ఉత్తరంతో పాటు ఒక కాగితం జతచేయండి. హోల్ నంబరు, ఇప్పటి ఎర్ర టీ దూరం, మీరు కోరే దూరం, అక్కడ కనిపించే గుర్తు, అంటే ఏ చెట్టుకు ఎదురుగా, ఏ స్ప్రింక్లర్ మూతకు ఎన్ని అడుగుల ఇవతల అన్నది. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) పట్టుకుని ఇద్దరు ఒక మధ్యాహ్నం తిరిగితే ఆ కాగితం తయారవుతుంది. ఆరు నెలలు అయ్యాక ఆ టీకి ఆడవాళ్ళ రేటింగ్, మగవాళ్ళ రేటింగ్ రెండూ వేయించమని అడగండి. మొదటి నెలలోనే ఆ గుర్తుల దగ్గర మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనలు కూడా కనిపిస్తారు.